నాలుగో క్యాను నీళ్లు

మా ఊరు, నల్లగొండ జిల్లా
12 ఫిబ్రవరి 2012, ఆదివారం

చిరంజీవి వీణను యశోదమ్మ నిండు మనసుతో దీవించి రాస్తున్న ఉత్తరం.

బిడ్డా, నా మోకాళ్లు తప్ప ఇక్కడ మిగతావన్నీ క్షేమం. అశోక్‌నగర్ హాస్టల్లో నువ్వూ, మిగతా ఆడపిల్లలూ బాగున్నారని తలుస్తాను. నా తర్వాత వచ్చిన వంటామె చేతి పచ్చిపులుసు మీకు ఈపాటికి అలవాటై ఉంటుంది. కాకపోయినా నాకేం బాధ లేదు, లోపల కొంచెం సంతోషమే.

ఫోను చేతిలో పెట్టుకొని ఉత్తరం ఎందుకని అనుకుంటావు. ఈ పది రోజుల్లో నీకు మూడుసార్లు ఫోను చేశాను కదా. మొదటిసారి తిన్నావా అని అడిగాను. రెండోసారి మీ గైడు కిషన్ రావు సారు ఎట్లా ఉన్నారని అడిగాను. మూడోసారి నువ్వే, "అమ్మా, ఏదో చెప్పాలనుకుంటున్నవు, చెప్పరాదు" అన్నావు. నేను "ఏం లేదు బిడ్డా, ఊరికెనే చేసిన" అని పెట్టేశాను. నీ గొంతు వింటే అసలు మాట వదిలేసి తిండి సంగతి అడుగుతున్నాను. అందుకే కాగితం ముందు కూర్చున్నాను. అంగన్‌వాడీలో పదకొండేళ్లు పిల్లలకు అక్షరాలు దిద్దించినదాన్ని, రాయడం నాకు బరువు కాదు. ఏం రాయాలన్నదే బరువు.

ముందు ఊరి సంగతులు చెబుతాను. పది రోజుల కింద సర్పంచు పీరయ్య డప్పు చాటింపు వేయించాడు. వచ్చే నెల మొదటి వారంలో యూనివర్సిటీ వాళ్లు వచ్చి నలభై ఇళ్లకు ఫిల్టర్లు ఇస్తారని, వాటిలో నువ్వు చేసిన పొడి ఉంటుందని, బోరు నీళ్లు పోస్తే ఫ్లోరైడ్ పోయి మంచి నీళ్లు వస్తాయని. చాటింపు అయ్యాక పీరయ్య నేరుగా మా ఇంటికి వచ్చాడు. "యశోదక్కా, నీ పుణ్యాన మన పోరగాండ్ల పండ్లు తెల్లగ మొలుస్తయి. పయిలా ఫిల్టర్ మీ ఇంటికే" అన్నాడు. నా కొడుకు శ్రీశైలం ఆయనకు చాయ్ తెచ్చి ఇచ్చాడు. నేను ఖాళీ బిందె పట్టుకొని పెరట్లోకి పోయాను.

మనుమరాలు లాస్యకు పోయిన వారం ముందు పన్ను ఊడింది. ఆరేళ్ల పిల్ల. వీధిలో ఎవరు కనిపిస్తే వాళ్లకు నోరు తెరిచి ఆ సందు చూపిస్తోంది. దాని కొత్త పళ్లు ఇప్పుడిప్పుడే లోపల తయారవుతున్నాయట. ఈ వయసులో తాగే నీళ్లే వాటి రంగు తేలుస్తాయని నాకు చెప్పింది నువ్వే.

నిరుడు జూన్లో నువ్వు మొదటిసారి వంటగదిలోకి వచ్చిన రోజు గుర్తుందా? వేడినీళ్లకు వచ్చావు. నేను ఏదో మాటకు నవ్వితే నా ముఖంలోకి చూసి, "అమ్మా, మీది నల్లగొండ దిక్కా?" అన్నావు. ఎట్లా తెలిసిందని అడిగితే నీ వేలు నా పళ్ల వైపు లేచింది. వెంటనే సిగ్గుపడి చెయ్యి వెనక్కి తీసుకున్నావు. నాకు కోపం రాలేదు. నీళ్లు మారితే మోకాళ్లు నయమవుతాయని ఎవరో అంటే అంగన్‌వాడీ మానేసి పట్నం వచ్చినదాన్ని. హాస్టల్ నడిపే విద్యావతి గారు దయ తలచి వంటకు పెట్టుకున్నారు. నాలుగేళ్లలో నా పళ్ల మీద మరకలు ఎక్కడివని అడిగినవాళ్లే గానీ, చూసి మా ఊరి నీళ్లను గుర్తుపట్టినదానివి నువ్వొక్కదానివే.

ఆ రోజే నువ్వు నా పక్కన పీట వేసుకొని నానో అంటే ఏమిటో చెప్పావు. వెంట్రుక మందాన్ని ఎనభై వేల వంతులు చేస్తే అందులో ఒక్క వంతు అంత అన్నావు. నాకు ఎక్కలేదు. నేను ఆలుగడ్డలు కోస్తున్నాను. "అంటె గడ్డను ఎంత సన్నగ కోస్తె అంత ఎక్కువ ఉప్పు పడతది, గంతేనా?" అన్నాను. నువ్వు ఎగిరి గంతేసి, "గంతేనమ్మా! సారు మాకు మూడు క్లాసులు చెప్పిండు దీన్ని" అన్నావు. మామూలు పొడి ఫ్లోరైడ్‌ను కొంచెమే పట్టుకుంటుందని, అదే పొడిని నువ్వు చేసినంత సన్నగా చేస్తే పట్టుకునే చోటు వందల రెట్లు పెరుగుతుందని చెప్పావు. ల్యాబులో నువ్వు కలిపిన ఫ్లోరైడ్ నీళ్లలో అది బాగా పనిచేస్తోందని, ఇక నిజమైన ఊరి నీళ్లు కావాలని అన్నావు.

ఆ మాటతోనే నేను ఈ పనిలోకి దిగాను. నెలకు రెండు ఆదివారాలు ఎట్లాగూ ఊరికి పోయేదాన్ని. పది లీటర్ల క్యాను మా వీధి బోరు దగ్గర నింపుకొని, బస్సెక్కి, కోఠిలో దిగి ఇంకో బస్సు పట్టుకొని తెచ్చేదాన్ని. మొదటి క్యాను నీళ్లు నువ్వు మీటరు పెట్టి చూస్తే ఫ్లోరైడ్ ఐదు పాయింట్ ఎనిమిది. ఒకటిన్నర దాటితేనే ముప్పు అన్నావు. గాజు గొట్టంలో నీ పొడి మీద పోస్తే కిందికి సున్నా పాయింట్ నాలుగు వచ్చింది. ఆ సాయంత్రం నువ్వు నా రెండు చేతులూ పట్టుకొని తిప్పావు. చపాతీలు మాడిపోయాయి.

రెండో క్యానుకు కిందికి వచ్చే ఫ్లోరైడ్ కొంచెం పెరిగింది. మూడో క్యానుకు మూడు దాటింది.

ఆ మధ్యాహ్నం డాబా మీద నీళ్ల ట్యాంకు నీడలో కూర్చొని నువ్వు ఏడ్చావు. నేను అన్నం తెస్తే ముట్టలేదు. ఫెలోషిప్ మార్చితో అయిపోతుందన్నావు. మీ నాన్న ఫోన్‌లో, "నాలుగేండ్ల సంది నీళ్లే వడగడుతున్నవా బిడ్డా?" అన్నాడని చెప్పి ఇంకా ఏడ్చావు. నీ తల నా ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. నాకు కూతుళ్లు లేరు. ఆ బరువు నాకు కొత్త.

తర్వాత సకల జనుల సమ్మె వచ్చింది, బస్సులు ఆగిపోయాయి. నువ్వు రోజూ వంటగది గుమ్మంలో నిలబడి, "అమ్మా, నీళ్లు లేకపోతే పని ఆగిపోతది. ఏమన్న దారి ఉన్నదా?" అనేదానివి. నేను మా ఊరి పాలబండి చిక్కడపల్లి మార్కెట్ దాకా వస్తుందని, దానిలో తెప్పిస్తానని అన్నాను. ఆ బండి ఒకప్పుడు వచ్చేది, నిజమే. ఖాళీ క్యాను పట్టుకొని పొద్దున్నే పోయాను. రెండు గంటలు నిలబడ్డాను. మా దిక్కు నుంచి ఒక్క బండీ రాలేదు. లైబ్రరీ పక్క సందులోంచి తిరిగి వస్తుంటే చెట్ల కింద పిల్లలు పుస్తకాలు పట్టుకొని ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నారు. వాళ్ల పరీక్షలు ఎప్పుడు జరుగుతాయో వాళ్లకే తెలియదు, అయినా చదువుతున్నారు. నాకు నువ్వే కనిపించావు.

హాస్టల్ వెనక నల్లా వస్తోంది. క్యాను దాని కింద పెట్టాను.

బిడ్డా, నాలుగో క్యానులోవి మా ఊరి నీళ్లు కావు. మన హాస్టల్ నల్లాలో వచ్చే మంజీరా నీళ్లు.

రాసేశాను.

ఒక్కసారికే అనుకున్నాను. ఒక్క వారం నువ్వు కడుపునిండా తిని పడుకుంటే చాలు, బస్సులు మొదలవగానే నిజమైన నీళ్లు తెస్తాను అనుకున్నాను. కానీ సాయంత్రం నువ్వు మెట్లు రెండేసి దిగుతూ వచ్చావు. మూడు దాటినది ఒకటికి దిగింది, పొడి తనను తానే బాగుచేసుకుంటోంది, ఇట్లాంటిది ఎవరూ చూడలేదు అన్నావు. అందరికీ ఉస్మానియా బిస్కెట్లు పంచావు. నాకు రెండు ఇచ్చావు. నేను తిన్నాను.

సమ్మె అయిపోయింది, బస్సులు వచ్చాయి. ఊరికి పోయి వచ్చాను, కానీ క్యాను మాత్రం నల్లా దగ్గరే నింపాను. ఎందుకంటే బోరు నీళ్లు తెస్తే నీ లెక్క మళ్లీ పైకి పోతుంది, ఎందుకు పోయిందని నువ్వు వెతుకుతావు, నేను దొరికిపోతాను. నీ మీద ప్రేమతో చేశానని చెప్పుకోవాలని ఉంది. ప్రేమ నాలుగో క్యాను వరకే. ఐదో క్యాను నుంచి భయం. అట్లా మొత్తం ఏడు క్యాన్లు నల్లా నీళ్లే మోశాను.

నవంబరులో కిషన్ రావు సారు నీతో పాటు హాస్టల్‌కు వచ్చి, నాకు చేతులు జోడించి, "అమ్మా, మీ నీళ్లే లేకపోతే ఈ పరిశోధనే లేదు" అన్నారు. అంత పెద్ద మనిషి ముందు నేను పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాను. డిసెంబరులో మెట్లు ఎక్కలేక పని మానేశానని అందరికీ చెప్పాను. మోకాళ్ల నొప్పి నిజమే, కానీ అది ఒక్కటే కాదు.

నాతో ఇది ముగిసిపోతుందనుకున్నాను. నీ పొడి ఏదో పుస్తకంలో అచ్చవుతుంది, నీకు డాక్టరేట్ వస్తుంది, ఎవరికీ నష్టం లేదనుకున్నాను. నలభై ఇళ్ల సంగతి నా ఊహలో లేదు. ఫిల్టర్ వచ్చిందని ధైర్యంగా బోరు నీళ్లు తాగుతారు బిడ్డా. ఇప్పుడు నాలుగు రోజులకోసారి వచ్చే కృష్ణా నీళ్ల కోసం బిందెలు పెట్టుకొని కాచుకునేవాళ్లు కూడా మానేస్తారు. లాస్య తాగుతుంది.

ముందు ఫిల్టర్లు ఆపు. తర్వాత నన్ను ఏమన్నా అను. మంగళవారం శ్రీశైలం పట్నం వస్తున్నాడు. వాడి చేత ఈ ఉత్తరం, ఒక క్యాను నీళ్లు పంపిస్తున్నాను. అవి మా బోరు నీళ్లే. వాడికి ఏమీ చెప్పలేదు.

నీ మేలు కోరే,
యశోద


అశోక్‌నగర్, హైదరాబాద్
25 మార్చి 2012, ఆదివారం

అన్నం పెట్టిన చేతికి ముందుగా నమస్కారం చేసి, యశోదమ్మకు వీణ రాస్తున్నది.

అమ్మా, నీ ఉత్తరం అందిన రోజే పీరయ్య గారికి ఫోన్ చేసి ఫిల్టర్లు ఆపించాను. ఆ సంగతి నీకు ఆయన చెప్పే ఉంటారు. పొడిలో లోపం ఉందని మాత్రమే చెప్పాను. నీ పేరు ఎత్తలేదు.

ఆరు వారాలు నీకు జవాబు రాయలేదు. నీ మీద కోపం రాలేదని రాస్తే అది ఇంకో అబద్ధమవుతుంది. శ్రీశైలం గేటు దగ్గర నిలబడి క్యాను ఇస్తూ, "అమ్మ రెండు దినాల సంది గంజి తప్ప ముడుతలేదక్కా. మీ ఇద్దరి నడుమ ఏమన్న లొల్లి అయిందా?" అని అడిగాడు. ఏం లేదన్నాను. మెట్ల మీద కూర్చొని ఉత్తరం చదివాను. చదివాక ఆ క్యానును కాలితో తన్నాలనిపించింది. తన్నలేదు. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకొని ల్యాబుకు పోయాను. పది లీటర్లు ఎంత బరువుంటాయో ఆ రోజు తెలిసింది. నువ్వు ఆ మోకాళ్లతో కోఠిలో బస్సు ఎట్లా మారేదానివో!

ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఐదు పాయింట్ తొమ్మిది. పాత పొడి మీద పోస్తే దాదాపు పోసినవి పోసినట్టే కిందికి వచ్చాయి. కొత్త పొడి చేసి, శ్రీశైలం చేత ఇంకో నాలుగు క్యాన్లు తెప్పించి చూశాను. పదకొండు రోజులు బాగా పనిచేసింది, ఆ తర్వాత లెక్క పెరగడం మొదలైంది. తనను తాను బాగుచేసుకునే గుణం దానికి లేదు. మంజీరా నీళ్లు ఆ పొడిని కడుగుతూ ఉన్నాయి, అంతే.

ఎందుకు పాడవుతోందో ఇప్పుడు తెలిసింది. మీ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒక్కటే లేదు, సోడా ఉప్పు లాంటి లవణాలు దానికంటే ఎన్నో రెట్లు ఉన్నాయి. బస్సు ఆగకముందే కిటికీలోంచి రుమాలు వేసి సీట్లు పట్టుకుంటారు చూడు, అట్లా అవి ముందే ఎక్కి కూర్చుంటున్నాయి. ఫ్లోరైడ్‌కు చోటు మిగలడం లేదు. నాలుగేళ్లు నేను ల్యాబులో కలుపుకున్న నీళ్లలో ఫ్లోరైడ్ తప్ప ఇంకేమీ లేదు. ఖాళీ బస్సు నడిపి అందరికీ సీటు దొరికిందని సంబరపడ్డాను. ఇంకో సంగతి, ఆ పొడి అంత సన్నగా ఉండబట్టి కొంచెం కొంచెం నీళ్లతో పాటు కిందికి జారుతోంది. దాన్నీ మీరు తాగేవాళ్లు. ఇది నీ ఉత్తరం రాకపోతే నేను వెతికేదాన్నే కాదు.

కిషన్ రావు సారుకు నీ ఉత్తరం చూపించాను. అడగకుండా చూపించినందుకు ఏమనుకోకు. ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. అచ్చుకు పంపిన వ్యాసాన్ని ఆయనే మెయిల్ రాసి వెనక్కి తెప్పించారు. నన్ను తిట్టలేదు. "యశోదమ్మ రాసినంత స్పష్టంగ నా స్టూడెంట్లు ఒక్కళ్లు కూడ రిపోర్టు రాయలే" అన్నారు.

ఫెలోషిప్ అయిపోయింది. నారాయణగూడలో ఒక జూనియర్ కాలేజీలో పొద్దున పూట కెమిస్ట్రీ చెబుతున్నాను, మధ్యాహ్నం నుంచి ల్యాబు. సారు యూనివర్సిటీలో మాట్లాడి ఇంకో ఏడాది గడువు ఇప్పించారు. ఇప్పుడు పొడిని విడిగా వేయకుండా, సగ్గుబియ్యం అంత గుండ్లుగా కట్టే పద్ధతి చూస్తున్నాను. పోయిన వారం చేసినవి నీళ్లలో పడగానే విచ్చుకుపోయాయి. నవ్వకు. మొన్న నాన్నకు జరిగిందంతా చెప్పాను. "అయితే ఆ నీళ్లు సక్కగ వడకట్టేదాకా ఇంటికి రాకు" అన్నాడు. ఆయనకు అది ముద్దు మాట. నీకు అర్థమవుతుంది.

లాస్యకు బోరు నీళ్లు తాగించకు. మరగబెట్టి ఇస్తే సరిపోతుందని అక్కడ చాలామంది అనుకుంటారు. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడుతుంది. కృష్ణా నీళ్లే పట్టి దాచి, తాగడానికీ వంటకూ వాడండి. ఈ మాట ఇంటింటికీ నువ్వే తిరిగి చెప్పాలి. నీ మాట వింటారు.

మే నెలలో మీటరు పట్టుకొని నేనే మీ ఊరికి వస్తున్నాను. ప్రతి బోరు నీళ్లూ పరీక్షించాలి, మీ ఒక్క ఊరే కాదు, చుట్టుపక్కల ఊళ్లవీ. నాకు ఒక మనిషి కావాలి. ఏ సీసా ఏ బోరుది, ఏ రోజు, ఏ పూట పట్టింది, ఎవరి కళ్ల ముందు పట్టింది, అన్నీ సీసా మీద రాసే మనిషి. సారును అడిగితే, "ఇంకెవరున్నరు, యశోదమ్మనే అడుగు" అన్నారు. నేను అంతకు ముందే అనుకున్నాను. మోకాళ్లు సహకరించకపోతే నువ్వు అరుగు మీద కూర్చో, సీసాలే నీ దగ్గరికి వస్తాయి.

కొత్త వంటామె పచ్చిపులుసులో బెల్లం వేస్తుంది. మాకు అలవాటు కాలేదు.

నీ బిడ్డ,
వీణ

తా.క.: కోపం వల్ల జవాబు ఆలస్యమైందని పైన రాశాను. అది సగమే నిజం. మిగతా సగం ఈ కవరు అంటించే ముందు రాయకపోతే ఇక ఎప్పటికీ రాయలేను. ఏ క్యాను వచ్చినా గొట్టంలో పోసే ముందు ఆ నీళ్లను పరీక్షించాలి. మా పనిలో అది మొదటి నియమం. నీ నాలుగో క్యానును నేను పరీక్షించాను. మీటరు సున్నా పాయింట్ ఆరు చూపించింది. మీటరు పాడైందనుకున్నాను. నిజంగా పాడైందో లేదో తెలుసుకోవాలంటే దాన్ని కడిగి మళ్లీ పెట్టాలి, పది నిమిషాల పని. పెట్టలేదు. మళ్లీ అదే అంకె వస్తే నీ వంటగదిలోకి వచ్చి నిన్ను అడగాల్సి వస్తుంది. నోటుబుక్కులో ఐదు పాయింట్ ఎనిమిది అని రాశాను. ఆ తర్వాత వచ్చిన ఆరు క్యాన్లను పరీక్షించనే లేదు. నీ ఉత్తరంలో తప్పంతా నీ మీదే వేసుకున్నావు. సారు నీ ఉత్తరం చదివాక, "పోసే ముందు చూసినవా?" అని అడిగితే, "చూసిన సార్, మీటరు తప్పు చూపించింది" అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. నువ్వు అక్కడ గంజి తాగుతున్నావని తెలిసి కూడా ఆరు వారాలు ఊరుకున్నాను. నిన్న, ఉగాది మరునాడు, ఆ పేజీ తీసి సారు ముందు పెట్టాను. ఇప్పుడు నీకు చెబుతున్నాను. ఆ రోజు మీటరు నిజమే చెప్పింది అమ్మా. నమ్మనిది నేను.